జిరాక్స్ షాపు కేస్ స్టడీ

జూన్ 3, 2002
ఎట్టకేలకు మా మేనేజ్‌మెంట్ మ్యాగజైన్‌లో నా పేరు పడబోతోంది. రెండేళ్లుగా రాసేది నేను, పేరు మాత్రం మా కన్సల్టింగ్ కంపెనీ పార్ట్‌నర్లది. ఇక్కడి ఆనవాయితీ అది. ఈసారి కేస్ స్టడీ ఓ జిరాక్స్ షాపు మీద కాబట్టి ఏ పార్ట్‌నరూ తన పేరు ఇవ్వలేదు. అయితే నీ పేరే వేసేద్దాం వసుమతీ అన్నారు ఎడిటర్ కామరాజు గారు. పంజగుట్ట నుంచి యూసుఫ్‌గూడ హాస్టల్ దాకా నడిచే వచ్చాను. కాళ్ల నొప్పి కూడా తెలియలేదు.

జూన్ 6
మైత్రీవనం పక్కన మహిపాల్ షాపు. చుట్టూ ఉన్న కోచింగ్ సెంటర్ల కంప్యూటర్ కోర్సుల నోట్స్ కాపీలు అమ్ముతాడు. అక్కడ అందరూ అమ్ముతారు. కానీ జనం ఏ కోర్సు మీద పడబోతున్నారో ఇతనికి ముందే తెలుస్తుంది. ఏ నోట్స్‌లో మొదటి చాప్టర్ ఒక్కటే అడుగుతున్నారో రోజూ గమనిస్తాడు. డెమో క్లాసు విన్నవాళ్లు అదొక్కటే తీసుకెళ్తారట, వారంలో వాళ్లే చేరతారట. అప్పటికి ఇతని దగ్గర పూర్తి సెట్లు రెడీ. మే నెలలోనే జావా తగ్గించి డాట్ నెట్ పెంచేశాడు. మా కన్సల్టెంట్లయితే ఈ మాత్రానికి నలభై స్లైడ్లు చేస్తారు.

జూన్ 11, ఉదయం 11
రాసేశాను. బాగా వచ్చింది. నాకు నేను చెప్పుకోకపోతే ఎవరు చెబుతారు.

జూన్ 14
కామరాజు గారికి తెగ నచ్చింది. షాపు పేరు, ఫోటో ఉండాల్సిందే అన్నారు. అది మా రూలు.
ప్రూఫ్ పట్టుకుని మహిపాల్ దగ్గరికి వెళ్లాను. తెలుగులో చెప్పమంటే మొత్తం చెప్పాను. సంబరపడతాడనుకున్నాను. మెషిన్ ఆపేశాడు. ఎంబీఏ ఎంట్రన్స్ పిల్లలు మా మ్యాగజైన్ తెచ్చి ఆ లైన్‌లోని అన్ని షాపుల్లో జిరాక్స్ తీయించుకుంటారట. నాకు తెలియనే తెలియదు.
"మంచిగనే రాసినవ్ అక్కా. గని గిది పక్క దుకాణపాయన చేతులకే పోతది. రేపట్నుంచి ఆయన సుత గిట్లనే చేస్తడు. నాకున్న తెలివి గిదొక్కటే."
వేయొద్దని మాత్రం అనలేదు. టీ తెప్పించాడు. దాంతో నాకు ఇంకా కష్టమైపోయింది.

జూన్ 15
నా పేరు నాకు కావాలి. ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను కూడా.

జూన్ 17
కేస్ స్టడీ తీసేయమన్నాను. సరిచూస్తే వివరాలు తప్పని తేలాయని కామరాజు గారికి అబద్ధం చెప్పాను. ప్రెస్‌కి పోయే రోజున ఇదేంటని గట్టిగానే తిట్టారు. పడ్డాను. రెండు పేజీలు ఖాళీ, నింపడానికి ఇంకేమీ లేదు. బాధగా ఉంది. అయినా మధ్యాహ్నం ఆకలి బాగా వేసింది, ఫుల్ బిర్యానీ ఒక్కదాన్నే తిన్నాను.

జూలై 1
సంచిక వచ్చింది. 34, 35 పేజీల నిండా ఉత్త గీతలు. పైన 'మీ ఆలోచనలు రాసుకోండి' అని వేశారు. నా కాపీలో మొదటి గీత మీద నా పేరు రాసుకున్నాను, పెన్నుతో. బాగానే పడింది.