చెయ్యి ఊపినా దాటలేదు

ఆదివారం, రాత్రి

ఒళ్లంతా నొప్పులే. అయినా నిద్ర రావడం లేదు, నవ్వొస్తోంది.

పోయిన నెల చిట్యాల దగ్గర టీ తాగుతుంటే, మా కార్ల గ్రూపు అందరి ముందూ నరేష్ అన్నాడు: "అక్కా, నువ్వు పక్క సీట్ల కూసో. స్పీడు ఆడోళ్లతోని గాదు." అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇన్నాళ్లూ గొంతులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఈ శని ఆదివారాలు మహబూబ్‌నగర్ అవతల ట్రాక్ మీద మా అందరికీ స్పీడ్ డ్రైవింగ్ నేర్పారు. అక్కడొక రూలు ఉంది: ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి ఊపితేనే వెనకవాళ్లు దాటాలి. ఇవాళ నరేష్ నా ముందు పడ్డాడు. ప్రతి మలుపులోనూ అతని బంపర్ వెనకే ఉన్నాను. చాలాసేపు చూడనట్టు నటించి, చివరికి చెయ్యి ఊపాడు. నేను దాటలేదు. మళ్లీ ఊపాడు. ఊహూఁ. నేర్పే సార్ ఇక ఆపమని జెండా ఊపేదాకా అతని అద్దంలోంచి కదల్లేదు.

దిగాక అడిగాడు, "చెయ్యి ఊపిన గదా అక్కా, ఎందుకు దాటలే?"

"స్పీడు ఆడోళ్లతోని గాదంటివి గద తమ్మీ!"

నీళ్ల సీసా పట్టుకున్న అతని చెయ్యి వణుకుతోంది. జాలి పడాల్సింది. ఇంత కక్ష నాలో ఎక్కడ దాగిందో...

ఆ చెయ్యి ఇంకోసారి అలా వణికితే చూడాలని ఉంది.