తాడు రెండో కొస

అలిగి పెడుతున్న మెసేజ్ కాదు బాబాయ్, ముందే చెప్తున్నా. నీ ఫోన్ మెసేజ్‌లు పైకి చదువుతుంది కదా, పిన్ని పక్కనుంటే ఇయర్‌ఫోన్స్ పెట్టుకొని విను. ఎదురుగా అయితే నాకు నోరు పెగలదు.

మొన్న నాకు జ్వరమొచ్చిన రోజు, పరిగెత్తేటప్పుడు మనం చేతులకి కట్టుకునే తాడు రెండో కొస బేకరీ అన్న పట్టుకున్నాడు కదా. నువ్వెలా పరిగెత్తావని తర్వాత ఆయన్ని అడిగా. "మీ బాబాయికి కళ్లు కనపడవని ఎవడన్నాడ్రా? నన్నే ఈడ్చుకుపోయాడు, ఎక్కడా ఆగలేదు" అన్నాడు. మోకాలు నొప్పి అనలేదా అంటే, "ఏ మోకాలు?" అన్నాడు.

నాతో అయితే రోజూ వంతెన ఎక్కగానే నొప్పంటావు. నాకు ఆయాసం వచ్చేది సరిగ్గా అక్కడే. "నాకు కళ్లు లేవు, నీకు కాళ్లు లేవు, భలే కుదిరాం రా" అని నవ్వుతావే, అది ఉత్త జోక్ అనుకున్నా.

తెల్లారితే పోటీ. ఏడాదంతా దీనికోసమే పరిగెత్తావు. తోడు పరిగెత్తేవాడిని సగం దారిలో మార్చుకోవచ్చని పోటీవాళ్లు చెప్పారు. పోటీ దారి కూడా ఆ వంతెన మీదుగానే కదా, దాని మొదట్లో బేకరీ అన్న నిలబడతాడు, తాడు ఆయనకిచ్చేస్తా. మలుపు వచ్చేముందు నీకు రెండుసార్లు చెప్పాలని ఆయనకి నేర్పించా కూడా. నువ్వు తిట్టి, అసలు రానంటావేమోనని భయమేస్తోంది.

తాడు చెయ్యి మారాకైనా, మోకాలు నొప్పి అనకుండా పరిగెత్తుతావా బాబాయ్?