కంబళి కింద నీలి మెరుపు

నాయనా,

నువ్వు పోయి ఈ రోజుకి ఏడాది. నీ హామ్ రేడియోకి పవర్ పెంచే ఆంప్లిఫయరు, మాట్లాడినప్పుడల్లా లోపల చిటపటమంటాండాది. ట్యూబు పోయిందని నీ నల్లమాడ స్నేహితుడు రేడియోలోనే తీర్పు చెప్పినాడు. నేను నమ్మలే. పట్టపగలే నీ మాదిరి తలమీదుగా కంబళి కప్పుకొని, చీకటి చేసుకొని, పైమూత జాలీ సందుల్లోనుంచి చూసినా. ట్యూబు కాడ ఏమీ లే. ట్యూనింగ్ కెపాసిటర్ రేకుల మధ్య నీలి మెరుపు దూకుతాండాది.

కరెంటు తీసి, మిగిలిన చార్జి దించి, విప్పితే రేకుల నిండా శెనక్కాయ పొట్టు దుమ్ము. కళ్లం పక్క కిటికీ ఎప్పుడూ తెరిచి పెట్టింది నువ్వే కదా! తుడిచి, కాలిన అంచు నున్నగా రుద్ది, మూత బిగించి, మళ్లీ కంబళి కప్పుకొని ఫుల్ పవర్ ఇచ్చినా. ఒక్క మెరుపూ లే.

‘ఏం పాపా, గట్టిగా వినబడతాండావే!’ అన్నాడు రేడియోలో ఆ నల్లమాడ మామ.

‘ట్యూబు పాతదే మామా’ అన్నా.

అంతలో అమ్మ టీ తెచ్చింది. కంబళిని చూసి, అలవాటుగా, ‘ఏమయ్యా, చల్లారిపోతాది, బయటికి రా’ అనింది.

నేను కంబళి తీసినా. అమ్మ గ్లాసు నా చేతికిచ్చింది.

‘నువ్వన్నా వేడిమీద తాగు.’