బావ కారులో కెమెరా

ధర్మపురి, ఆదివారం రాత్రి

ఈ రోజు బావ కారుకు కెమెరా పెట్టాను. పోయిన వారం పెన్నాగరం రోడ్డులో ఒక బైకువాడు ఎదురుగా వచ్చి గుద్ది, తప్పంతా బావదేనని గొడవ చేశాడు. బావ తరఫున ఒక మాట చెప్పడానికి కారులో ఎవరూ లేరు. అక్క పోయినప్పటినుంచి ఆయన ఒక్కడే తిరుగుతున్నాడు.

ఫ్యూజు పెట్టెలోంచి కనెక్షను తీసుకుని, వైరును తలుపు రబ్బరు కిందికి, అక్కడినుంచి పైకప్పు అంచులోకి దోపుతూ ముందు అద్దం దాకా తెచ్చాను. ఎక్కడా బయటికి కనపడలేదు.

"ఒక రౌండు పోయి రా బావా. రికార్డు అయితాదో లేదో చూద్దాం" అన్నాను.

పాపారపట్టి దారిలో కొంత దూరం వెళ్ళి వచ్చాడు. ఇద్దరం నిలబడి ఫోనులో వీడియో చూశాం. రోడ్డు బాగానే కనిపించింది. అంతలో బావ గొంతు వినిపించింది.

"చూడు సరోజా, మీ తమ్ముడు వైరే కనపడకుండా దాచినాడు. నీకు ఇట్లా వేలాడేవి నచ్చవు కదా."

వెంటనే ఆపేశాను. బావ తల దించుకున్నాడు.

"మాటలు పడకుండా చేసెయ్ రా. దావంతా నేను ఆమెతో మాట్లాడుకుంటానే పోతాను."

మైకు ఆఫ్ చేసి ఇచ్చాను.

బాధపడతాడని ఇంట్లో మేమెవరం ఆయన ముందు అక్క పేరు ఎత్తడం లేదు. అక్క ఫోటో కూడా అమ్మ తీసి లోపల పెట్టింది. ఆయనేమో ఆ పేరు పలకడానికి కారెక్కుతున్నాడు. రేపు వెళ్ళి నేనే అక్క మాట తీయాలి. ఎలా మొదలుపెట్టాలో...