విప్పని చొక్కా

తమ్ముడు పౌలురాజుకు,

పెద్దక్క దీవెనలు. దేవుని కృపవల్ల ఒంట్లో బాగానే ఉన్నాం. అందరం క్షేమమని మాత్రం ఈసారి రాయలేను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. ఎవరిదో బండి ఎత్తుకెళ్లిన కుర్రాళ్లతో నీ కొడుకు స్టీవ్ కూడా ఉన్న మాట నిజమే. బేడీలు వేయలేదు. పేరు పేపర్లో రాదు. ఘోరమైన నేరమైతే పదహారు దాటినవాణ్ణి పెద్దవాడిలా విచారించవచ్చట. ఇది అలాంటిది కాదు. మొదట పిల్లల్ని ఉంచే హోమ్‌లో పెట్టారు.

పిల్లల కేసులు విచారించే బోర్డులో బోను లేదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు మామూలు బల్ల వెనుక కూర్చుంటారు. పోలీసాయన కూడా యూనిఫాం లేకుండా వచ్చాడు. బోర్డులో ఒకావిడ వాణ్ణి "బేటా, టిఫిన్ తిన్నావా?" అని అడిగింది. ఇంత మెత్తగా మాట్లాడుతున్నారంటే ఏదో వల వేస్తున్నారనిపించింది నాకు.

అంతకుముందు ప్రొబేషన్ ఆఫీసరు ఇషిత ద్వారకలో మా ఇంటికి వచ్చింది. ఇంటి పరిస్థితి కనుక్కుని బోర్డుకు రాసివ్వడం ఆమె పని.

"వాళ్ల నాన్న ఎలాంటివారు ఆంటీ?"

నీ కోపం నాకు తెలియనిది కాదు. కానీ ఏం చెబితే ఏం రాస్తుందోనని అనుమానం. చర్చిలో సాక్ష్యం చెప్పినట్టు చెప్పాను. "మంచివాడమ్మా. ప్రార్థనాపరుడు."

స్టీవ్ మీదా అనుమానమే. నా దగ్గరే చదువుకుంటానని పట్టుబట్టి వచ్చాడని మురిసిపోయాను గానీ, ఈ ఎండల్లోనూ చొక్కా విప్పడు. నర్సును కదా, మత్తుమందు సూది గుర్తులు దాస్తున్నాడేమో అనుకున్నాను.

ఇషిత రాసిచ్చిన నా సాక్ష్యం చదివి మేజిస్ట్రేటు, "ఇల్లు ఇంత మంచిదైతే తండ్రికే అప్పగిద్దాం" అన్నారు. వాడు నా కొంగు పట్టుకున్నాడు.

"హోమ్‌లోనే ఉంచమను అత్తా."

"ఏం మాటలురా అవి? నాన్నేగా!"

"నీకు తమ్ముడు. అందుకే నీకు తెలీదు."

వీపు మీద చొక్కా పైకెత్తాడు. బెల్టు బకిల్ అచ్చు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పాలా?

తమ్ముడూ, ఇది రాయలేకే ఇంతసేపు చుట్టూ తిరిగాను. మొదట చెప్పింది అబద్ధమని బోర్డు ముందు ఒప్పుకున్నాను. నీ కోపం సంగతి, నీ పేరు పెట్టి, నా నోటితోనే చెప్పాను. వాణ్ణి నాకు అప్పగించారు.

వచ్చి తీసుకుపోతానని రాశావు. రా. వచ్చే వాయిదాకు నిన్ను వాళ్లే పిలుస్తున్నారు. నిన్ను ఎదురుగా చూస్తే నేను మళ్లీ సాక్ష్యం మారుస్తానేమో అని ఇప్పుడు నా మీదే నాకు అనుమానం. అందుకే ప్రార్థిస్తున్నాను.

నిన్న వాడు స్నానం చేసి, చొక్కా లేకుండా కూలర్ ముందు కూర్చున్నాడు. నువ్వు వస్తున్నావని ఇంకా చెప్పలేదు.

ఇట్లు,
నీ తోబుట్టువు, వాడి అత్త,
జయకుమారి