హెళవ చెప్పని పేరు

ఝరాసంగం,
ఫిబ్రవరి 1983

ప్రియమైన తమ్ముడు బసవరాజ్‌కు,

నీ కార్డు అందింది. ఏడు తరాల పేర్లు కావాలని మళ్ళీ రాశావు. తహసీలుకు పోయాను. పాత భూమి పహాణీలన్నీ ఉర్దూలో ఉన్నాయి. చదివే ముసలాయన రాలేదు. ఇక్కడ జొన్న కోతకొచ్చింది, పిట్టలు తింటున్నాయి. నేను తహసీలు మెట్ల మీద కూర్చోవాలా? తాతల పేర్లు అచ్చు వేయించి గోడకు తగిలిస్తే ఎవరి కడుపు నిండుతుంది?

అమ్మ తుంటి జర నయం. కర్ర పట్టుకుని నడుస్తున్నది.

నీ అన్న,
రేవణసిద్ధప్ప

హైదరాబాద్,
ఫిబ్రవరి

ప్రియమైన అన్నకు,

తహసీలు వద్దులే. హెళవ చంద్రప్ప ఉన్నాడు కదా. ఏటా కోతలప్పుడు ఎద్దునెక్కి వచ్చి, ఇంటింటి వంశం నోటితో చదివి జొన్నలు తీసుకుపోతాడు. మన గడపలో మాత్రం ఆయన నోరు తెరవకముందే నువ్వు సంచి నింపి పంపేస్తావట. "నలుగుట్ల పేరు ఇనాలంటె వానికి సిగ్గు" అంటుంది అమ్మ. నిజమేనా?

ఇంకో మాట. అమ్మ ఆపరేషనప్పుడు జహీరాబాద్ దవాఖానలో రక్తం ఎక్కించడానికి మన ముగ్గురిదీ చూసిన చీటీలు నా దగ్గరున్నాయి. అమ్మది ఓ, నాది ఓ, నీది ఏబీ. ఓ రక్తమున్న తల్లికి ఏబీ బిడ్డ పుట్టదని ఇక్కడి డాక్టరు అన్నాడు. వాళ్ళే తప్పు రాసి ఉంటారు. మళ్ళీ చూపించుకో.

నీ తమ్ముడు,
బసవరాజ్

ఝరాసంగం,
మార్చి

తమ్మీ,

చీటీ తప్పు కాదు. అవన్నీ దాచే రోగం నీకెక్కడ పట్టింది? చెప్పేదాకా వదలవు గనక రాస్తున్నాను.

నీకు పళ్ళు కూడా రాని ఏడు, కళ్ళంలో అప్పటి హెళవ, చంద్రప్ప నాయన, మన వంశం చదివాడు. నాయన పేరు చెప్పి, "కొడుకు బసవరాజ్" అని ఆపేశాడు. నేను జొన్న కుప్ప వెనకున్నాను. నా పేరు రాలేదు. అమ్మను ఎట్లా అడగను? అడగలేదు. హెళవ పదిమందిలో మళ్ళీ అట్లాగే చదివితే అమ్మ ముఖం చూడలేను. అందుకే సంచి.

నీ కాగితంలో నన్ను రాయకు. అమ్మతో అనకు. ఇక నన్ను సతాయించకు.

రేవణసిద్ధప్ప

హైదరాబాద్,
మార్చి

అన్నా,

కోపగించుకుంటే కోపగించుకో. బీదర్ అవతల హెళవ ఊరికి పోయొచ్చాను. ఆయన చదివాడు: "నారమ్మ పెద్దకొడుకు రేవణసిద్ధప్ప, చిన్నకొడుకు బసవరాజ్."

ఆపి అడిగాను. ఆయన చెప్పిన మాటలే రాస్తున్నాను:

"మీ అన్నను కన్నోళ్లు కలరాకు పోయిన్రు. నారమ్మ తెచ్చి పెంచింది. కడుపున పుట్టినోళ్లనే చదువుత అన్నడు మా నాయన, కళ్ళంల గట్లనే చదివిండు. తెల్లారి మీ అమ్మ పాలిచ్చే బర్రెను తోలుకొచ్చింది. 'పెద్దోని పేరు ముందు చదువు, బర్రెను తీస్కపో' అన్నది. అప్పటిసంది గదే చదువు. మీ అన్న చదవనిస్తెగద! నోరు తెరుస్తె చాలు, సంచి నింపి పో పో అంటడు. గసొంటి మనిషిని నేనేడ జూడలె."

అమావాస్యకు మన గడపకు వస్తున్నాడు. సంచి తర్వాత ఇవ్వు.

నీ తమ్ముడు

ఝరాసంగం,
ఏప్రిల్

తమ్మీ,

వచ్చాడు. ఆపలేదు. వాకిట్లో అందరూ ఉన్నారు. నా పేరు వచ్చేసరికి ఎద్దుకు గడ్డి వేస్తూ తల వంచుకున్నాను.

అమ్మ "ఏమన్నవు? జర గట్టిగ చదువు" అన్నది. మళ్ళీ చదివాడు. ఇంకా వినబడలేదన్నది. వంటింట్లో గిన్నె కదిలినా వాకిట్లోకి వినబడుతుంది ఆమెకు.

ఆయన ముగించాక నా దిక్కు చూసి, "గిన్నేండ్లు నా బర్రె ఉత్తగ పాయె గదరా" అన్నది.

సంచి నింపి ఇచ్చాను. ఈసారి పొమ్మనలేదు, తిని పొమ్మన్నాను. నీ కాగితం అచ్చు వేయించుకో. తహసీలుకు మాత్రం మళ్ళీ పంపకు.

నారమ్మ పెద్దకొడుకు,
రేవణసిద్ధప్ప