సైకిళ్ళ పేజీలో నాన్న

తమ్ముడూ,

నాన్న దొరికారు. పొద్దున పాలు పొయ్యిమీద పెట్టి వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది, మనిషి లేరు. వీధి వీధీ గాలించాం. మధ్యాహ్నం ఎవరో సైకిల్ మెకానిక్ ఫోన్ చేశాడు. గేరు మరమ్మతు కోసం నీ బ్లాగులో సైకిళ్ళ విభాగం తెరిచాడట. అన్నిటికంటే పైన ఎప్పుడూ ఉండేలా నాన్న ఫోటో, నా ఫోన్ నంబరు వేసి నువ్వు పెట్టిన పోస్టు కనిపించిందట: "మా నాన్న దారి మర్చిపోతారు. సైకిల్ షాపు కనిపిస్తే ఆగిపోతారు."

"ఫోటో చూసి తలెత్తితే ఆయన నా ఎదురుగానే కూర్చుని చక్రం తిప్పుతున్నారమ్మా! గుండె ఆగినంత పనైంది" అన్నాడు.

కొత్తవి ఎన్ని రాసినా ఆ పోస్టును కిందికి జారనివ్వకు. ఇంటికొచ్చాక ఆ ఫోటో చూపిస్తే నాన్న, "పాపం, ఎవరి తండ్రో! దొరికాడా?" అని అడిగారు.

"దొరికారు నాన్నా" అన్నాను.

మీ అక్క